విదేశంలో కాపురం: ముందు బడి, ఆ తర్వాతే పేట

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువారికి ఊరు వదిలి బతుకుతెరువు వెతుక్కోవడం కొత్త సంగతి కాదు. గోపాలపురం రేవు నుంచి రంగూన్‌కు ఓడలు నడిచిన రోజుల్లోనూ, ఆ తర్వాత సూరత్ మరమగ్గాలకు రైళ్లెక్కిన రోజుల్లోనూ ఎక్కువగా మగవాళ్లే వెళ్లారు. ఇల్లాలూ పిల్లలూ ఊళ్లోనే ఉండిపోయేవారు. కనుక వెళ్లినచోట గది ఎక్కడ దొరికితే అక్కడ సర్దుకుంటే సరిపోయేది. ఇప్పుడు బరంపురం నుంచో పర్లాకిమిడి నుంచో దుబాయ్‌కో సింగపూర్‌కో ఉద్యోగం మీద వెళ్లే ఇంజినీర్లు, నర్సులు, అకౌంటెంట్లు చాలామంది పిల్లలను వెంట తీసుకెళ్తున్నారు. అందువల్ల ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్న ప్రశ్నకు జవాబు ఆఫీసు దగ్గర కాక బడి దగ్గర మొదలవుతుంది.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. తెలిసినవాళ్లు ఉంటున్న బిల్డింగులోనే ఫ్లాటు తీసుకుని, సంవత్సరానికి అగ్రిమెంటు రాసేసి, ఆ తర్వాత చుట్టుపక్కల బడులు వెతుకుతారు. అద్దె ఇల్లు వారం రోజుల్లో దొరుకుతుంది కానీ, మంచి బడిలో మనకు కావలసిన తరగతిలో సీటు అంత తొందరగా దొరకదు. కాబట్టి ముందు సిలబస్, దాని వెంట సీటు, ఆపైన బస్సు రూటు, చివరికి ఇల్లు అన్న వరుసను తప్పకుండా పాటించాలని ఈ వ్యాసం చెబుతుంది. మన ప్రాంతపు కుటుంబాలు ఎక్కువగా గల్ఫ్ వైపే చూస్తాయి కనుక ఉదాహరణలు చాలావరకు దుబాయ్‌వి. అవసరమైన చోట సింగపూర్ సంగతులు కూడా ఉన్నాయి.

మొదటి అడుగు: ఎన్నేళ్ల మకామో తేల్చుకోవాలి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని ముందుగా తేల్చుకోవలసింది రెండు మూడేళ్ల ఉద్యోగమా, లేక పిల్లల ప్లస్ టూ అయ్యేవరకు ఉంటారా అన్నది. దాన్నిబట్టి సిలబస్, సిలబస్‌నుబట్టి బడి, బడినిబట్టి పేట మారుతాయి. ‘ఇంటర్నేషనల్’ అన్న బోర్డు చూసి మురిసిపోవలసిన పని లేదు. విదేశీయుల పిల్లలకోసం నడిచే ఏ బడి అయినా ఆ పేరు పెట్టుకోవచ్చు. లోపల నడిచేది సీబీఎస్ఈనా, బ్రిటిష్ పద్ధతి కేంబ్రిడ్జినా, 1968లో జెనీవాలో ఆరంభమైన ఇంటర్నేషనల్ బాకలారియేట్, అంటే ఐబీనా, అమెరికన్ పద్ధతా అన్నది చూడాలి.

రెండు మూడేళ్లలో తిరిగి వచ్చే ఆలోచన ఉండి, ఫీజు సొంత జీతంలోంచే కట్టవలసి వస్తే సీబీఎస్ఈకే నా ఓటు. గల్ఫ్ నగరాల్లో ఆ బడులకు కొదవ లేదు. తిరిగి వచ్చినప్పుడు భువనేశ్వర్‌లోనో విశాఖపట్నంలోనో తరగతి మారకుండా చేర్చవచ్చు. అయితే సీబీఎస్ఈలో 9, 10 తరగతులు కలిపి రెండేళ్ల కోర్సు, 11, 12 తరగతులు కలిపి మరో రెండేళ్ల కోర్సు. నేరుగా పదిలోకి గానీ పన్నెండులోకి గానీ చేర్చుకోవడం తల్లిదండ్రుల బదిలీ వంటి కొన్ని కారణాలకే పరిమితం. అందువల్ల ప్రయాణమైనా తిరుగు ప్రయాణమైనా తొమ్మిదిలోకి ముందో, పది పూర్తయ్యాకో పడేటట్టు చూసుకోవడం క్షేమం.

కంపెనీయే ఫీజు భరిస్తూ, దుబాయ్ తర్వాత మరో దేశానికి పంపే అవకాశం కూడా ఉంటే ఐబీ గానీ కేంబ్రిడ్జి గానీ మేలు. దేశం మారినా చదువు తెగదు. ఆ చదువుతో ఇండియాలో డిగ్రీలో చేరదలచినవారు భారత విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చే తుల్యతా నియమాలను, అంటే ఆ చదువు ఇక్కడి ప్లస్ టూకు ఎప్పుడు సమానమో చెప్పే నియమాలను, ముందే చదవాలి. ఏ సబ్జెక్టులు, ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలన్నది అక్కడే తేలుతుంది. పిల్ల పదకొండులో సబ్జెక్టులు ఎంచుకున్నాక చదివితే ఉపయోగం ఉండదు.

దుబాయ్‌లో భారతీయ సిలబస్ బడులకు విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. బ్రిటిష్, అమెరికన్, ఐబీ బడులకు ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో. ఆఫర్ లెటర్ మీద చేరవలసిన తేదీ ఏదైనా, పిల్లలు బడిలో చేరవలసిన తేదీ ఇదే.

భాష గురించి ఒక మాట. దుబాయ్, షార్జా, అబుదాబి వంటి ఎమిరేట్లు (సంస్థానాలు) కలిసిన దేశం యూఏఈ; అక్కడి ప్రైవేటు బడుల్లో అరబేతర పిల్లలకు కూడా ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు అరబిక్ తప్పనిసరి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడే మన పిల్లలకు ఇది ఐదో భాష అవుతుంది. తల్లిదండ్రులు భయపడినంతగా పిల్లలు భయపడరని నా అభిప్రాయం; అయినా ఆరు, ఏడు తరగతుల్లో చేరేవారికి అక్షరాలనుంచి నేర్పే గ్రూపు వేరుగా ఉందా అని అడగాలి. ఒడియా నేర్పే బడి దొరకడం అరుదు. ఒడిశాకే తిరిగి వస్తామనుకునేవారు ఆ చదువు ఇంట్లో నడిపే ఏర్పాటు చేసుకోవాలి. సింగపూర్ ప్రభుత్వ బడుల్లో తమిళంతోపాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలను మాతృభాషలుగా చదివే వీలుంది గానీ, ఆ జాబితాలో తెలుగు లేదు.

రెండో అడుగు: కాగితాల మీద పేరు ఒక్కటిగా ఉండాలి

పేట ఎంపికకు దీనికీ సంబంధం ఏమిటని అనిపించవచ్చు. సీటు ఖాయం కాకుండా పేట ఖాయం కాదు, కాగితాలు సరిపడకుండా సీటు ఖాయం కాదు. సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాము; ఒడియా పద్ధతిలో అది చివర వస్తుంది. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బడి రికార్డులో అది పొడి అక్షరమవుతుంది, పాస్‌పోర్టులో తండ్రి పేరు చివరి ‘రావు’ కాస్తా ఇంటిపేరై కూర్చుంటుంది, అదే కుటుంబంలోని పిల్ల పాస్‌పోర్టులో అసలు ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఇక్కడి గుమాస్తాకు ఇవన్నీ ఒకే మనిషి పేర్లని తెలుసు. అక్కడి వీసా అధికారికి తెలియదు.

పాస్‌పోర్టును ప్రమాణంగా పెట్టుకుని, జనన ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం, బడి టీసీ, మార్కుల జాబితా అన్నీ పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం పోల్చాలి. తేడాలుంటే ఊళ్లో ఉండగానే దిద్దించాలి. ఒడియాలో మాత్రమే ఉన్న కాగితాలకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం చేయించాలి. ఒక దేశపు ధ్రువపత్రాలను మరో దేశం సులువుగా గుర్తించేందుకు చేసుకున్న హేగ్ ఒప్పందంలో చేరిన సింగపూర్ వంటి దేశాలకు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు. యూఏఈకి మాత్రం రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం వరుసగా ధ్రువీకరించాలి. టీసీ మీద జిల్లా విద్యాధికారి సంతకం కావాలని గల్ఫ్ బడులు తరచుగా అడుగుతాయి. బడి వేసవి సెలవులకు మూతపడక ముందే ఆ సంతకం తెచ్చుకోవాలి. టీకాల కార్డు కూడా ఈ కట్టలోనే ఉండాలి.

మూడో అడుగు: బడుల జాబితా, ఫీజు లెక్క

దుబాయ్‌లో ప్రైవేటు బడులను కెహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ పర్యవేక్షిస్తుంది. తనిఖీ చేసి ‘అత్యుత్తమం’ నుంచి ‘చాలా బలహీనం’ వరకు ఆరు మెట్లలో ఒక స్థాయి ఇస్తుంది, ఆ నివేదికలను అందరికీ అందుబాటులో ఉంచుతుంది. స్థాయిని మాత్రమే చూసి ఆగిపోకూడదు. చివరి తనిఖీ ఏ సంవత్సరంలో జరిగింది, ఉపాధ్యాయులు ఏటా ఎంతమంది మారుతున్నారు, మీ పిల్లల దశలో, అంటే ప్రైమరీలోనో హైస్కూల్లోనో, లెక్కలకూ ఇంగ్లీషుకూ విడిగా ఏ స్థాయి ఇచ్చారు అన్నవి నివేదిక లోపలి పేజీల్లో వెతకాలి. షార్జాకూ అబుదాబికీ వేరే సంస్థలున్నాయి కనుక ఒక ఎమిరేట్ స్థాయిని మరో ఎమిరేట్ స్థాయితో నేరుగా పోల్చడం సరికాదు.

ఫీజు పట్టికలో ట్యూషన్ ఫీజు మాత్రమే కనిపిస్తుంది. దరఖాస్తు రుసుము, సీటు ఖాయం చేసుకునే డిపాజిట్, పుస్తకాలు, యూనిఫాం, అన్నిటికన్నా ముఖ్యంగా బస్సు చార్జి విడిగా అడిగి రాసుకోవాలి. కుటుంబాన్ని తీసుకెళ్లడానికి యూఏఈ పెట్టిన కనీస జీతం 4000 దిర్హాములు, లేదా 3000 దిర్హాములతోపాటు వసతి. అది వీసాకు చాలే జీతం మాత్రమే. బడి ఫీజు, అద్దె కలిపితే ఆ జీతంలో ఇల్లు నడవదు. ఇద్దరు పిల్లల ఫీజు, బస్సు, అద్దె కలిపి జీతంలో సగం దాటుతుంటే ఆఫర్ మీద సంతకం పెట్టకముందే కంపెనీ హెచ్‌ఆర్‌తో విద్యా భత్యం గురించి మాట్లాడాలి. చేరిన తర్వాత అడిగితే సాధారణంగా పని జరగదు.

నాలుగైదు బడులకు దరఖాస్తు పెట్టి, వెయిటింగ్ లిస్టులో ఎన్నో స్థానమో రాతపూర్వకంగా అడగాలి. అన్న చదివే బడిలో చెల్లికి ప్రాధాన్యం ఇస్తారు కనుక, ఇద్దరు పిల్లలున్నవారు సీటు దొరకడం కష్టమైన తరగతిలోని బిడ్డకు ముందు ప్రయత్నించాలి.

నాలుగో అడుగు: కిలోమీటర్లు కాదు, ఏడు గంటల వేళ నిమిషాలు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. సీటు వచ్చిన బడినీ ఆఫీసునూ ఫోను మ్యాపులో గుర్తు పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని దూరం చూస్తే పన్నెండు నిమిషాలని చూపిస్తుంది. ఆ లెక్కతో ఇల్లు తీసుకోకూడదు. పనిదినం ఉదయం 7.15కు బడికి చేరాలంటే ఎప్పుడు బయలుదేరాలో మ్యాపులో సమయం పెట్టి చూడాలి, అలాగే బడి వదిలే వేళకు తిరుగు ప్రయాణం కూడా చూడాలి.

కారు పదిహేను నిమిషాల్లో వెళ్లే దారికి బడి బస్సు యాభై నిమిషాలు తీసుకోవచ్చు, ఎందుకంటే అది సందు సందునా ఆగుతూ పిల్లలను ఎక్కించుకుంటుంది. కాబట్టి అడ్మిషన్ విభాగానికి కాక బడి రవాణా విభాగానికి ఫోన్ చేసి ఏయే పేటలకు బస్సు వెళ్తుందో, మనం చూస్తున్న బిల్డింగు ఆ రూటులో మొదటి స్టాపో చివరి స్టాపో, ఎన్ని గంటలకు వస్తుందో అడగాలి. ఒకే పేటలో నాలుగు వీధుల తేడాతో 5.50కి ఎక్కవలసిన బిడ్డ 6.35కు ఎక్కవచ్చు. చిన్నపిల్లలకు ఆ ముక్కాలు గంట నిద్ర చాలా విలువైనది. రెండో తరగతి లోపు పిల్లలకు బస్సులో అరగంట, పెద్దవాళ్లకు ముక్కాలు గంట దాటని పేటలను మాత్రమే జాబితాలో ఉంచుకోవాలని నా సలహా. అద్దె ఎంత తక్కువైనా ఈ గీత దాటవద్దు.

ఈ కొలతతో చూస్తే దుబాయ్ పేటల లెక్క తేలికవుతుంది. 1961లో మొదలైన ఇండియన్ హైస్కూలు ఊద్ మేథాలో ఉంది. ఆ బడిలో సీటు వస్తే కరామా, బర్ దుబాయ్ దగ్గరవుతాయి, రెంటికీ మెట్రో ఉంది. అల్ ఖుసైస్‌లో భారతీయ సిలబస్ బడులు పలు ఉన్నాయి కనుక అక్కడ సీటు వచ్చినవారు అదే పేటలోనో పక్కనున్న అల్ నహ్దాలోనో చూడవచ్చు. అల్ బర్షా వైపు బ్రిటిష్, అమెరికన్ బడులు ఎక్కువ. పాత పేటల్లో పార్కింగు కష్టం, బిల్డింగులు పాతవి. కొత్త పేటల్లో ఇల్లు విశాలం, కానీ కారు లేకపోతే పాలపాకెట్టుకు కూడా ఇబ్బందే.

షార్జాలో అద్దె తక్కువని అక్కడ ఉండి దుబాయ్‌లో ఉద్యోగం చేసేవారు చాలామంది. ఉదయం ఈ రెండు నగరాలను కలిపే అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద నిలిచిపోయే కార్ల వరుస ప్రసిద్ధం. దానితోపాటు చాలామందికి ముందు తట్టని చిక్కు ఒకటుంది. 2022 జనవరి నుంచి దుబాయ్‌లో శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. షార్జాలో మాత్రం శుక్రవారం కూడా కలిపి మూడు రోజుల సెలవు. షార్జా బడిలో చదివే బిడ్డకు శుక్రవారం సెలవైతే దుబాయ్ ఆఫీసులో తల్లిదండ్రులిద్దరికీ పని ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఆ రోజు బిడ్డను ఎవరు చూస్తారో ఆలోచించాకే షార్జా అద్దె చవకో కాదో నిర్ణయించాలి. కారులో దింపేవారు దుబాయ్ రోడ్ల మీద వసూలు చేసే సాలిక్ టోలు కూడా కలుపుకోవాలి: 2025 జనవరి నుంచి పనిదినాల్లో ఉదయం 6 నుంచి 10 వరకు, సాయంత్రం 4 నుంచి 8 వరకు గేటుకు 6 దిర్హాములు, మిగతా పగటి వేళ 4 దిర్హాములు. బడి వేళ సరిగ్గా ఖరీదైన వేళలోనే పడుతుంది.

ఐదో అడుగు: పేటను కాళ్లతో చూడాలి

జాబితా రెండు మూడు పేటలకు తగ్గాక ఉద్యోగస్తుడు ముందుగా వెళ్లి, కంపెనీ ఇచ్చిన తాత్కాలిక వసతిలోనో నెలవారీ గదిలోనో ఉంటూ, ఒక్కొక్క పేటను మూడు వేళల్లో చూడడం మంచిది: బడి వేళ, మిట్టమధ్యాహ్నం, రాత్రి ఎనిమిదింటికి.

ఉదయం బిల్డింగు కింద నిలబడితే చాలా తెలుస్తుంది. బడి బస్సు రోడ్డు దాటకుండా గుమ్మం వైపే ఆగుతోందా? బస్సు ఆయా కిందికి దిగి, చేతిలోని జాబితాలో పేరు టిక్కు పెట్టి, బిడ్డ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాకే తలుపు వేయిస్తోందా? బస్సు పక్కకు ‘ఆగు’ పలక తెరిచినప్పుడు వెనక కార్లు నిజంగా ఆగుతున్నాయా? యూఏఈలో అలా ఆగని డ్రైవరుకు 1000 దిర్హాముల జరిమానా, లైసెన్సు మీద 10 బ్లాక్ పాయింట్లు (తప్పు మార్కులు) పడతాయి. అయినా ఆ వీధి అలవాటు ఏమిటో కళ్లతో చూసుకోవలసిందే. అక్కడే నిలబడిన ఒక తల్లిని ‘అమ్మా, ఈ బడి ఎలా ఉందండీ’ అని పలకరిస్తే ఏ ప్రచారపత్రంలోనూ లేని సంగతులు చెబుతారు.

మధ్యాహ్నం చూడవలసింది నీడ. యూఏఈలో బహిరంగ పనులకు జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం విరామం తప్పనిసరి చేశారంటే ఎండ ఎలాంటిదో ఊహించవచ్చు. బస్సు దిగిన బిడ్డ గుమ్మం చేరేలోపు ఎంత దూరం ఎండలో నడవాలి, కాలిబాట ఉందా, పార్కుకు వెళ్లే దారిలో పెద్ద రోడ్డు అడ్డముందా అన్నవి గమనించాలి. సింగపూర్‌లో ఇదే పరీక్ష వానకు పెట్టాలి. అక్కడ ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషను నుంచి బ్లాకు వరకు పైకప్పున్న నడకదారి ఉంటే ఆ ఇంటికి పది మార్కులు ఎక్కువ వేయవచ్చు.

రాత్రి ఎనిమిదింటికి పేట అసలు ముఖం కనిపిస్తుంది. ఎండాకాలంలో గల్ఫ్ పిల్లలు ఆడుకునేది ఆ వేళే. బిల్డింగు చుట్టూ సైకిళ్లు తిరుగుతూ, అరుగుల మీద అమ్మమ్మలు కూర్చుని ఉంటే అది కుటుంబాల బిల్డింగు. లిఫ్టులో ‘బెడ్ స్పేస్ అద్దెకు’ అన్న చీటీలు అతికించి ఉంటే ఒక్కొక్క ఫ్లాటులో పదిమంది బ్రహ్మచారులు ఉంటున్నారని అర్థం. వాళ్లూ మనవాళ్లే, కష్టజీవులే. కానీ లిఫ్టు కోసం ఉదయం ఇరవై నిమిషాలు నిలబడవలసి వస్తుంది. చిన్నపిల్లలున్నవారు బాల్కనీ కమ్మీల ఎత్తు, కిటికీల గడియలు చేత్తో పట్టి చూడాలి. కింద కిరాణా కొట్టులో తాజా కరివేపాకు, ఇడ్లీ రవ్వ దొరుకుతున్నాయంటే ఆ చుట్టుపక్కల మన దక్షిణాది కుటుంబాలు ఉన్నట్టే. రాత్రిపూట తెరిచి ఉండే మందుల షాపూ, బీమా కార్డు చెల్లే పిల్లల క్లినిక్కూ నడక దూరంలో ఉండడం అవసరం.

గుడి దగ్గర ఇల్లు కావాలనే పెద్దవారుంటారు. దుబాయ్‌లో 2022 అక్టోబరులో జెబెల్ అలీలో పెద్ద గుడి తెరిచారు. అది పాత పేటలకు దూరం. వారానికో నెలకో వెళ్లే చోటికోసం రోజూ వెళ్లే బడిని దూరం చేసుకోకూడదు. తెలుగువాళ్ల పొందు కూడా అంతే: అరగంట దూరంలో ఉంటే ఉగాదికీ సంక్రాంతికీ చాలు. ఒకే బిల్డింగులో అందరూ మన ఊరివాళ్లే అయితే మాటసాయం దొరుకుతుంది, నిజమే. మన మార్కులూ జీతాలూ కూడా అందరి నోళ్లలో నానుతాయి.

ఆరో అడుగు: అగ్రిమెంటు

దుబాయ్‌లో ఏడాది అద్దెను ఒకటి నుంచి పన్నెండు చెక్కుల దాకా ముందుగా ఇవ్వడం ఆచారం. చెక్కులు తగ్గితే అద్దె కొంత తగ్గించమని బేరమాడవచ్చు. సామాను లేని ఇంటికి ఏడాది అద్దెలో 5 శాతం డిపాజిట్, ఏజెంటుకు మరో 5 శాతం సాధారణం. అగ్రిమెంటును అద్దె ఒప్పందాల ప్రభుత్వ రిజిస్టరు ‘ఎజారీ’లో నమోదు చేయించాలి, అది లేకపోతే కరెంటు కనెక్షన్ రాదు, కుటుంబ వీసాకు చిక్కు వస్తుంది. విద్యుత్, నీటి సంస్థ ‘దేవా’కు ఫ్లాటుకైతే 2000 దిర్హాములు, విల్లాకైతే 4000 డిపాజిట్. నెల బిల్లులో ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు భాగాలు చేసి గృహ రుసుముగా కలుపుతారు. ఏసీ చల్లదనం బిల్లు విడిగా వస్తుందా, అద్దెలోనే ఉందా అన్నది తప్పక అడగాలి; వేసవిలో ఆ ఒక్క బిల్లే లెక్కంతా మారుస్తుంది.

సింగపూర్‌లో ప్రభుత్వ ఫ్లాటును కనీసం ఆరు నెలలకు, ప్రైవేటు ఇంటిని మూడు నెలలకు తగ్గకుండా తీసుకోవాలి. ప్రభుత్వ ఫ్లాట్లలో మలేసియన్లు కాని విదేశీయులకు పేటవారీగా, బ్లాకువారీగా కోటా ఉంది కనుక బడి పక్కన నచ్చిన బ్లాకులో ఇల్లు ఖాళీగా ఉన్నా దొరకకపోవచ్చు.

ఏ దేశమైనా సంతకానికి ముందు ఒక షరతు అడిగి చూడాలి: సీటు చివరి నిమిషంలో రద్దయినా, ఉద్యోగం వేరే నగరానికి మారినా, ఒకటి రెండు నెలల అద్దె వదులుకుని బయటపడే వీలు. అందరు యజమానులూ ఒప్పుకోరు. ఒప్పుకున్నది కాగితం మీద ఉండాలి.

ఆ తర్వాత

పిల్లలు వచ్చిన మొదటి నెల బస్సు ఎక్కే వేళ, ఇంటికి చేరే వేళ ఒక కాగితం మీద రాసి ఉంచడం మంచిది. దుబాయ్‌లో అద్దె గానీ షరతులు గానీ మార్చాలంటే గడువు ముగియడానికి 90 రోజుల ముందు ఎదుటివారికి తెలియజేయాలన్నది చట్టం. యజమాని సొంతానికి కావాలనో అమ్ముకుంటాననో గడువు చివర ఖాళీ చేయించాలంటే 12 నెలల నోటీసు ఇవ్వాలి. అందువల్ల అగ్రిమెంటు ముగియడానికి నాలుగు నెలలుండగానే ఆ కాగితం తీసి, ఈ పేటలోనే ఉండాలా, బడికి మరింత దగ్గరగా జరగాలా అని పిల్లలను కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. బస్సులో ఏ సీటు దగ్గర ఎండ కొడుతుందో, సాయంత్రం కింద ఆడుకోవడానికి తోడు ఎవరున్నారో వాళ్లకే తెలుసు.